హన్మకొండ నుంచి డాలస్: దూరం ఎంత, ప్రయాణం ఎన్ని గంటలు?

నక్కలగుట్ట వాసి:
అందరికి నమస్తే. మా అమ్మ, బాపు దసరా అయినంక అక్టోబర్‌ల అమెరికా పోతున్నరు. చెల్లె డాలస్‌ల ఉంటది, నవంబర్‌ల కాన్పు. ఇద్దరికీ ఇదే మొదటి విమానం. బాపుకు అరవై ఎనిమిదేండ్లు, షుగర్ ఉన్నది, పొద్దున, రాత్రి ఇన్సులిన్ తీసుకుంటడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు కూసుంటె లేవలేదు.

టికెట్ తీసేముందు దూరం చూద్దామని వెతికితె హైదరాబాద్ నుంచి డాలస్‌కు ఒకకాడ 14,400 అని ఉన్నది, ఇంకోకాడ 8,960, మరోకాడ 7,785. టైము గూడ అట్లనే. ఒకదాంట్ల 18 గంటలు, దుబాయ్ మీదికెల్లి పోయే టికెట్‌ల 22 గంటల 50 నిమిషాలు, ఇంకో చవుక టికెట్‌ల 31 గంటలు. దుబాయ్ టికెట్ మీద తెల్లవారుజామున 4:10కి హైదరాబాద్‌ల ఎక్కితె అదే తారీఖు సాయంత్రం 4:30కి డాలస్‌ల దిగుతరని రాసి ఉన్నది. అది చూసి బాపు "పన్నెండు గంటలే గద బిడ్డా, గింతోటిదానికి భయమెందుకు" అంటున్నడు. ఆయనకు సరైన లెక్క చెప్పాలె, టికెట్ ఏది తీయాల్నో గూడ తేల్చాలె. తెలిసినోళ్లు జర వివరంగ చెప్పున్రి.

పరకాల లెక్కల సారు:
మీరు చూసిన మూడు అంకెలూ ఒకే దూరానివి, కొలిచిన కొలతలే వేరు. 14,400 కిలోమీటర్లు. దాన్ని 1.609తో భాగిస్తే మామూలు మైళ్లు, 8,960 దగ్గరికి వస్తుంది. 1.852తో భాగిస్తే నాటికల్ మైళ్లు, అది 7,785 దగ్గరికి వస్తుంది. ఓడలవాళ్లు, విమానాలవాళ్లు ఈ మూడోది వాడతారు. భూమధ్య రేఖ నుంచి ధ్రువం దాకా 90 డిగ్రీలు కదా, అందులో ఒక్కో డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక భాగం సుమారుగా ఒక నాటికల్ మైలు. పటం మీద అక్షాంశాలు చూసుకుంటూ దూరం లెక్కకట్టడానికి అది సులువు. కొన్ని సైట్లు అంకె వేసి పక్కన కొలత రాయవు, అక్కడే తికమక. పది, ఇరవై కిలోమీటర్ల తేడా కనిపిస్తే పట్టించుకోకండి. భూమిని గుండ్రంగా అనుకుని కొందరు లెక్కిస్తారు, ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయినట్టు ఉంటుంది కాబట్టి ఆ ఆకారంతో ఇంకొందరు లెక్కిస్తారు.

18 గంటల సంగతి. ఆ సైటు 14,400ను గంటకు 850 కిలోమీటర్ల వేగంతో భాగించింది. 17 వస్తుంది. పైకి లేవడానికి, దిగడానికి మరికొంత కలిపి 18 అంది. అది లెక్క మాత్రమే. అలాంటి విమానం లేదు.

మామునూరు రన్‌వే:
సారు చెప్పినదానికి కొనసాగింపు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు ఆగకుండా వెళ్లే విమానం ఇప్పటిదాకా ఎవరూ నడపలేదు. అసాధ్యమైన దూరమేమీ కాదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లండన్‌కు 2018 మార్చిలో ఆగకుండా వెళ్లే విమానం మొదలైంది, అది దాదాపు 14,500 కిలోమీటర్లు. సింగపూర్ నుంచి న్యూయార్క్ 15,349 కిలోమీటర్లు, పద్దెనిమిదిన్నర గంటల పైన ఆకాశంలోనే ఉంటారు. మన ఊరి నుంచి కూడా ఒక ప్రయత్నం జరిగింది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా నడిపింది, సుమారు 13,280 కిలోమీటర్లు. తర్వాత ఆపేశారు. అంత దూరానికి మోసుకెళ్లే ఇంధనం బరువే చాలా ఎక్కువ. అన్ని రోజులూ, అన్ని తరగతుల సీట్లూ నిండితేనే ఆ ఖర్చు వెనక్కి వస్తుంది.

ఇంకో విషయం, ఇది నాకు చాలా ఇష్టమైనది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమర రేఖాంశం మీద. రెండూ కలిపితే 175. అంటే భూగోళానికి దాదాపు సరిగ్గా అవతలి వైపు. అలాంటప్పుడు దగ్గరి దారి తూర్పుకూ పోదు, పడమరకూ పోదు. నేరుగా ఉత్తరానికి పోతుంది. హైదరాబాద్ నుంచి గీత గీస్తే ఢిల్లీ పక్కగా, లడఖ్ మీదుగా, కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్, పశ్చిమ సైబీరియా దాటి ఉత్తర ధ్రువానికి ఐదువందల కిలోమీటర్ల దగ్గరదాకా వెళ్తుంది. అవతల కెనడాలోకి దిగి, హడ్సన్ అఖాతం పక్కగా టెక్సాస్‌కు. బడిలో గోడకు వేలాడే పటం మీద ఈ దారి ఎవరూ ఊహించలేరు. గ్లోబు తీసుకుని రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, దారం ధ్రువం వైపుకే జరుగుతుంది.

నక్కలగుట్ట వాసి:
సారుకు, అన్నకు ఇద్దరికీ ధన్యవాదాలు. బాపుకు ఇవన్నీ చదివి వినిపించిన. ధ్రువం కథ విని మా పిల్లగాని గ్లోబు తీసుకొని కూసున్నడు.

ఇప్పుడు నా ముంగట రెండు టికెట్లున్నయి. ఒకటి దుబాయ్ మీదికెల్లి, ఇంకోటి ఫ్రాంక్‌ఫర్ట్ మీదికెల్లి. మ్యాపు చూస్తె దుబాయ్ మస్తు కిందికి ఉన్నది, అమెరికా దిక్కు పోయేటోళ్లకు అది చుట్టు అయితదేమో అనిపిస్తున్నది. ఫ్రాంక్‌ఫర్ట్ అయితె దారిల పడ్డట్టే ఉన్నది. దూరం తక్కువుంటె టైము తక్కువైతది గద?

పరకాల లెక్కల సారు:
లెక్క వేసి చూద్దాం.

హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550, దుబాయ్ నుంచి డాలస్ 12,920. మొత్తం 15,470 కిలోమీటర్లు.
హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ 7,115, అక్కడి నుంచి డాలస్ 8,260. మొత్తం 15,375.

తేడా వంద కిలోమీటర్లు కూడా లేదు. విమానానికి ఏడు నిమిషాల పని. అసలు ఆగకుండా పోయే గీతకంటే ఈ రెండు దారులూ సుమారు వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. దోహా మీదుగా వెళ్లినా సుమారు 15,650. కాబట్టి దూరం చూసి టికెట్ ఎంచుకోవాల్సిన పని లేదు. మీ అమ్మా నాన్నలకు తేడా వచ్చేది దూరం ఎక్కడ తెగుతుంది అన్నదాంట్లో. దుబాయ్ దారి నాలుగు గంటలు, తర్వాత పదహారు గంటలు. ఫ్రాంక్‌ఫర్ట్ దారి తొమ్మిది, తర్వాత పదకొండు. మొత్తం దాదాపు అంతే, ముక్కలు వేరు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి పదహారు గంటలు ఒకే కుర్చీలో అంటే ఆలోచించాలి. నేనైతే ఫ్రాంక్‌ఫర్ట్ అంటాను.

మెట్‌పల్లి నుంచి దుబాయ్:
సార్ లెక్కకు దండం. గని నేను దుబాయే అంట.

కారణం చెప్త. నేను ఈడ ఎయిర్‌పోర్టు పనిల మస్తు ఏండ్ల నుంచి ఉన్న. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వచ్చిన పోరలు ఈ ఎయిర్‌పోర్టుల అడుగడుగున కనబడ్తరు. క్లీనింగ్, లోడింగ్, వీల్‌చేర్, దుకాణాలు, అన్నిట్ల మనోళ్లే. మొదటిసారి విమానం ఎక్కిన అమ్మకు దారి తప్పితె తెలుగుల అడిగినా జవాబు దొరుకుతది, హిందీల అడిగితె ఇంకా తొందరగ దొరుకుతది. ఫ్రాంక్‌ఫర్ట్‌ల ఆ భరోసా ఉండదు. పెద్దమనుషులకు గంటలకన్న బెదురు ఎక్కువ బాధ పెడ్తది.

హైదరాబాద్ నుంచి దుబాయ్ రావడానికి నాలుగు గంటలకు అటు ఇటు. తిరిగి పోయేటప్పుడు మూడు గంటల ఇరవై నిమిషాలు. దూరం అదే, గాలి మాత్రం పడమటికెల్లి తూర్పుకు తోస్తది.

ఒక్క జాగ్రత్త. రెండు ముక్కలూ ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండాలె. చవుకగ దొరుకుతున్నదని హైదరాబాద్–దుబాయ్ ఒకకాడ, దుబాయ్–డాలస్ ఇంకోకాడ కొంటున్నరు కొందరు. గట్ల కొంటె బ్యాగులు నేరుగ పోవు. దుబాయ్‌ల బయటకొచ్చి తీసుకోవాలె, దానికి ఈడి వీసా గావాలె, టెర్మినల్ గూడ మారాల్సి రావచ్చు. మొదటి విమానం ఆలస్యమైతె రెండో కంపెనీ పట్టించుకోదు. ఒకే టికెట్ అయితె బ్యాగులు శంషాబాద్‌ల ఇచ్చి డాలస్‌ల తీసుకుంటరు, మధ్యల వీసా లొల్లి లేదు.

ఫ్రిస్కో అక్క:
నేను డాలస్ పక్కనే ఉంటాను, పుట్టిల్లు హన్మకొండ సుబేదారి. మా అత్తయ్యా మామయ్యలను రెండు దారుల్లోనూ రప్పించాం. ఇక్కడ రెండు మాటలు చెప్పాలి.

మొదటిది, అమెరికాలో ఏ ఊరిలో మొదట దిగితే ఆ ఊరిలోనే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ అవుతాయి. దుబాయ్ నుంచి కానీ, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కానీ నేరుగా డాలస్‌లో దిగే టికెట్ అయితే ఆ పని ఇక్కడే, బయట మీ చెల్లెలు నిలబడి ఉంటుంది. అదే షికాగోలోనో న్యూయార్క్‌లోనో దిగి ఇంకో విమానం పట్టుకునే టికెట్ అయితే, అక్కడ లైన్లో నిలబడి, బ్యాగులు బెల్టు మీద నుంచి తీసుకుని, మళ్లీ అప్పగించి, మళ్లీ సెక్యూరిటీ దాటి, ఇంకో గేటుకు పరుగెత్తాలి. ఇరవై గంటల ప్రయాణం తర్వాత పెద్దవాళ్లకు అది చాలా కష్టం. నువ్వు చెప్పిన 31 గంటల చవక టికెట్ అలాంటిదే అయి ఉంటుంది తమ్ముడూ, చూసుకో. అబుదాబిలో మాత్రం వేరే పద్ధతి. అమెరికా అధికారులే అక్కడ కూర్చుని ఇమ్మిగ్రేషన్ పూర్తి చేస్తారు, ఇక్కడ దిగాక దేశంలోపలి విమానం దిగినట్టే బయటకు రావచ్చు.

రెండోది, వీల్‌చేర్. అమ్మకు నడవడం వచ్చు కదా అని వదిలేయకండి. టికెట్ తీసుకునేటప్పుడే ఇద్దరికీ రాయించండి. ఈ ఎయిర్‌పోర్టులలో గేటుకూ గేటుకూ మధ్య చాలా దూరం, కొన్నిచోట్ల లోపల రైలు ఎక్కాలి. వీల్‌చేర్ అంటే కుర్చీతో పాటు దారి తెలిసిన మనిషి కూడా వెంట వస్తాడు. మెట్‌పల్లి అన్న చెప్పిన బెదురుకు అదే మందు.

ఫ్రాంక్‌ఫర్ట్ మంచిదే. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే అక్కడ విమానం మారడానికి వేరే ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు, దానికి భయపడి వదులుకోవద్దు. మా అత్తయ్యకు ఆ దారే నచ్చింది, మధ్యలో కాళ్లు సాగాయి అంది. మామయ్యకు దుబాయ్ దారి నచ్చింది, రెండోసారి కూర్చున్నాక ఇక లేపేవాళ్లు లేరని.

భీమారం స్టూడెంట్:
అక్కా, నేను స్ప్రింగ్ సెమిస్టర్‌కు డాలస్ దగ్గరి డెంటన్ వస్తున్నాను. రెండు చోట్ల ఆగే టికెట్ చాలా తక్కువకు వస్తోంది. 31 గంటలైనా ఫరవాలేదు కదా?

ఫ్రిస్కో అక్క:
నీకు ఇరవై ఏళ్లు, నువ్వు రావచ్చు. మొదట దిగే ఊళ్లో మూడు గంటలకు తగ్గకుండా టైము ఉండేలా చూసుకో. ఐ-20 కాగితం, అంటే నీ కాలేజీ వీసా కోసం ఇచ్చిన పత్రం, చేతి బ్యాగులో పెట్టుకో, చెక్-ఇన్ బ్యాగులో వేయొద్దు. అన్నట్టు ఇంట్లో చికెన్ పచ్చడి, ఎండు మాంసం కడతామంటే వద్దని చెప్పు. మాంసం ఉన్నదేదీ కస్టమ్స్‌లో ఒప్పుకోరు. సకినాలు, మామిడి తొక్కు తెచ్చుకో, అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు.

జగిత్యాల నర్సమ్మ:
బాపు ఇన్సులిన్ సంగతి ఎవరూ ఎత్తలేదు, అదే ముఖ్యం.

ఈ ప్రయాణంలో ఆయనకు ఒక రోజు పదిన్నర గంటలు ఎక్కువగా సాగుతుంది. ఇక్కడ పొద్దున వేసుకున్నది, రాత్రిది అనే లెక్క గడియారం చూసి వేస్తే కుదరదు. గడియారం సాయంత్రం నాలుగున్నర అంటుంది, ఒంటికి మాత్రం తెల్లవారుజామున మూడు. ప్రయాణానికి రెండు వారాల ముందే ఆయన్ను చూసే డాక్టర్ దగ్గరికి టికెట్ తీసుకెళ్లండి. బయలుదేరినప్పటి నుంచి ఎన్ని గంటలకు ఏ డోసు, ఏ భోజనంతో అనేది కాగితం మీద రాయించండి. సొంతంగా డోసు పెంచడం, తగ్గించడం చేయొద్దు.

ఇన్సులిన్ చేతి బ్యాగులోనే ఉండాలి. కింద సామాన్ల అరలో చలికి గడ్డకడితే మందు పాడైపోతుంది. డాక్టర్ చీటీ, షుగర్ చూసుకునే మిషన్, గ్లూకోజు బిళ్లలు, రెండు బిస్కెట్ ప్యాకెట్లు కూడా పైనే. మొత్తం అక్కడ ఉండే రోజులకు సరిపడా మందు ఇక్కడి నుంచే తీసుకెళ్లాలి. విమానంలో షుగర్ వాళ్ల భోజనం ఉంటుంది, టికెట్ తీసుకున్నాక ముందే చెప్పి రాయించుకోవాలి, ఎక్కాక అడిగితే దొరకదు.

అమ్మకు నడక వైపు సీటు తీసుకోండి. గంటన్నరకు ఒకసారైనా లేచి నాలుగడుగులు వేయాలి. కూర్చున్నప్పుడు మడమలు ఆనించి వేళ్లు పైకి, వేళ్లు ఆనించి మడమలు పైకి కదిలిస్తూ ఉండాలి. చాలాసేపు కదలకపోతే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. నీళ్లు మానొద్దు. బాత్‌రూమ్‌కు లేవాల్సి వస్తుందని మన అమ్మలు నీళ్లు తాగడమే మానేస్తారు, ఆ పని మాత్రం చేయనివ్వొద్దు.

నక్కలగుట్ట వాసి:
నర్సమ్మక్కకు మస్తు ధన్యవాదాలు. మేము ఇన్సులిన్ ఐస్ డబ్బాల పెట్టి పెద్ద బ్యాగుల వేద్దామనే అనుకున్నం. మంచిగ చెప్పినవు.

సార్, బాపు ఇంకా పన్నెండు గంటలే అంటున్నడు. తారీఖు మారలేదు గద అని ఆయన వాదన.

పరకాల లెక్కల సారు:
టికెట్ మీద ఎప్పుడూ ఆయా ఊరి గడియారమే రాస్తారు. అక్టోబర్‌లో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. మీ టికెట్‌ను మన గడియారంతో చదవండి.

4:10కి హైదరాబాద్‌లో లేస్తుంది. దుబాయ్‌లో దిగేది అక్కడి 6:30, మన 8:00. ప్రయాణం 3 గంటల 50 నిమిషాలు. దుబాయ్‌లో 3 గంటల విరామం. మన 11:00కి రెండో విమానం, 16 గంటలు. డాలస్‌లో దిగేసరికి మన ఇంట్లో గడియారం మర్నాడు తెల్లవారుజామున 3:00 చూపిస్తుంది. దాంట్లోంచి పదిన్నర తీసేస్తే ముందు రోజు సాయంత్రం 4:30. మొత్తం 22 గంటల 50 నిమిషాలు. బాపు గారు చెప్పే పన్నెండూ చిల్లర నిజమే, కానీ అది గడియారంలో కనిపించేది, దానికి పదిన్నర కలపాలి.

మామునూరు రన్‌వే:
ఇందులో ఒక మంచి విషయం ఉంది. దుబాయ్‌లో పొద్దున 9:30కి లేచి డాలస్‌లో సాయంత్రం 4:30కి దిగుతారు కదా, సూర్యుడు పడమరకు పోతుంటే విమానం కూడా పడమరకు పోతూ ఉంటుంది. ఆ పదహారు గంటలూ కిటికీ బయట పగలే. నిద్ర పట్టాలంటే కళ్లకు కట్టుకునే గుడ్డ తీసుకెళ్లమనండి.

దుబాయ్ నుంచి ఈ దారి దాదాపు ఆర్కిటిక్ వృత్తం దాకా పైకి వెళ్తుంది. రోజూ ఒకే దారిలో పోరు, ఆ రోజు గాలి ఎటు వీస్తుందో చూసి గీత మార్చుకుంటారు. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి నది ఉంటుంది, చలికాలంలో ఇంకా బలంగా వీస్తుంది. పోయేటప్పుడు దాన్ని తప్పించుకుంటారు, వచ్చేటప్పుడు దాని మీద ఎక్కుతారు. అందుకే వెళ్లేది పదహారు గంటలు, తిరిగొచ్చేది పద్నాలుగున్నర.

దేశాల మధ్య తగాదాలు కూడా గంటలు పెంచుతాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ విమానాలకు రష్యా ఆకాశం మూసుకుపోయింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన దేశపు విమానాలకు మూసేశాక, ఢిల్లీ నుంచి పడమరకు పోయే మన కంపెనీల విమానాలు అరేబియా సముద్రం వైపు చుట్టూ తిరగాల్సి వచ్చింది. దూరం పట్టికలో ఇవేవీ కనిపించవు. అందుకే టికెట్ మీద రాసిన గంటలనే నమ్మండి, కిలోమీటర్లను భాగించి టైము తీయకండి.

కాజీపేట జంక్షన్:
అందరు శంషాబాద్ నుంచి లెక్కపెడ్తున్నరు. మనం ఉన్నది నక్కలగుట్టల. ఆడికెల్లి లెక్కపెట్టున్రి.

హన్మకొండ నుంచి స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్. ఆడ ఔటర్ ఎక్కితె నేరుగ శంషాబాద్. దాదాపు 170 కిలోమీటర్లు. రాత్రిపూట మూడు గంటలు, ఎక్కడన్న ఆగితె మూడున్నర. 4:10 విమానానికి ఒంటిగంట లోపల ఎయిర్‌పోర్టుల ఉండాలె, ఇద్దరికీ వీల్‌చేర్ ఉన్నది గాబట్టి ఇంకా ముందే ఉంటె మంచిది. అంటె రాత్రి 9 గంటలకు ఇల్లు కదలాలె. తొమ్మిదికెల్లి నాలుగుంబావు దాక ఏడు గంటలు నేల మీదనే పోయినయి. ఆ 22:50 కలిపితె 30 గంటలు. డాలస్‌ల ఇమ్మిగ్రేషన్, బ్యాగులు, కారుల ఇంటికి పోవుడు ఇంకో రెండు గంటలు. బాపుకు చెప్పాల్సిన లెక్క 32 గంటలు. ఇంటి గడప నుంచి చెల్లె గడప దాక.

రైలు వద్దు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రెండు గంటలల్ల దింపుతది, గని ఆడికెల్లి శంషాబాద్‌కు పెద్ద బ్యాగులేసుకొని అర్ధరాత్రి ఇంకో బండి మాట్లాడుకోవాలె. బ్యాగులకు డిక్కీ సరిపోయే పెద్ద బండి ఇంటికాడికెల్లే మాట్లాడుకోండ్రి. డ్రైవర్‌ను మధ్యాహ్నం పడుకోమని చెప్పున్రి, వాపసు వచ్చుడు తెల్లారగట్ల అయితది. భువనగిరి, బీబీనగర్ నడుమ నిద్రమత్తుల ప్రమాదాలు చూసిన.

భీమారం స్టూడెంట్:
వరంగల్ పక్కన మామునూరు ఎయిర్‌పోర్టు వస్తే ఈ ఏడు గంటలు తగ్గుతాయా?

మామునూరు రన్‌వే:
తగ్గాలనే నా ఆశ. మామునూరు మనకు కొత్తదేమీ కాదు, నిజాం కాలంలోనే కట్టారు, 1981 దాకా వాడారు. శంషాబాద్‌తో చేసుకున్న ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదనే షరతు అడ్డుపడింది. దానికి సడలింపు వచ్చి, 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం అనుమతి ఇచ్చింది. అయితే ఇక్కడి నుంచి అమెరికా విమానం లేస్తుందని కాదు. చిన్న విమానంలో వరంగల్ నుంచి ఢిల్లీకో ముంబైకో పోయి, బ్యాగులు ఇక్కడే అప్పగించి, అక్కడ పెద్ద విమానం ఎక్కడం కుదిరితే అదే చాలు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి వచ్చేవాళ్లకు ఇంకా ఎక్కువ ఉపయోగం, వాళ్లకు శంషాబాద్ చేరడానికే ఐదారు గంటలు పడుతోంది. గల్ఫ్‌కు పోయేవాళ్ల సంగతి చూడండి. నాలుగు గంటల విమానం కోసం మంచిర్యాల నుంచి, ఆసిఫాబాద్ నుంచి అంతకంటే ఎక్కువ సేపు రోడ్డు మీద కూర్చుంటున్నారు. ఉత్తర తెలంగాణకు విమానాశ్రయం కావాలని మేం అడిగేది అందుకే.

మెట్‌పల్లి నుంచి దుబాయ్:
నిజం అన్నా. మా ఊరికెల్లి శంషాబాద్‌కు ఐదు గంటలు. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు మూడున్నర గంటలు గాలిల, ఐదు గంటలు నేల మీద. పండుగ రోజులల్ల ఇంకా ఎక్కువ.

నక్కలగుట్ట వాసి:
32 గంటలని బాపుకు చెప్పిన. కొద్దిసేపు మాట్లాడలేదు. తర్వాత "ముందే తెలుస్తె మంచిదే, మనసు గట్టిచేసుకుంట" అన్నడు. అమ్మ మాత్రం "నా బిడ్డ కాన్పుకు పోవుడు, ఎన్ని గంటలైతేంది" అన్నది.

దుబాయ్ దారే తీసుకున్నం. సార్ చెప్పిన ఫ్రాంక్‌ఫర్ట్ మీద మస్తు ఆలోచించినం, గని మొదటిసారి పోతున్నరు, అమ్మకు హిందీ వస్తది, ఇంగ్లీషు రాదు. దుబాయ్‌ల విరామం మూడు గంటలది తీసుకున్న. ఒకే పీఎన్‌ఆర్, డాలస్‌ల నేరుగ దిగుడు, ఇద్దరికీ వీల్‌చేర్, అమ్మకు నడక దిక్కు సీటు, బాపుకు షుగర్ భోజనం. డాక్టర్ దగ్గరికి వచ్చే వారం పోతున్నం.

తిరుగు టికెట్ ఫిబ్రవరిల. పోయే రోజు సాయంత్రం 6:30కి డాలస్‌ల ఎక్కితె, మూడో రోజు తెల్లారి 2:50కి హైదరాబాద్‌ల దిగుతరని ఉన్నది. 32 గంటల 20 నిమిషాలు కనబడుతున్నది. దీంట్లకెల్లి పదిన్నర తీసేయాల్నా సార్?

పరకాల లెక్కల సారు:
పదకొండున్నర తీసేయాలి. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు, మళ్లీ మార్చి రెండో ఆదివారం ముందుకు జరుపుతారు. ఫిబ్రవరిలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. కాబట్టి అసలు ప్రయాణం 20 గంటల 50 నిమిషాలు. దుబాయ్ దాకా పద్నాలుగున్నర, అక్కడ మూడు, హైదరాబాద్ దాకా మూడు గంటల ఇరవై. మీరు ఇక్కడి నుంచి ఫోన్ చేసే వేళలు కూడా నవంబర్ నుంచి ఒక గంట మారతాయి.

మీ నిర్ణయం బాగుంది. అమ్మగారిని మాత్రం ఆ పదహారు గంటల్లో నర్సమ్మ గారు చెప్పినట్టు లేచి తిరగమనండి.

కాజీపేట జంక్షన్:
2:50 అంటె బయటకొచ్చేసరికి నాలుగు. ఫిబ్రవరిల జనగామ, ఆలేరు దిక్కు తెల్లవారుజామున పొగమంచు ఉంటది. ఎయిర్‌పోర్టులనే చాయ తాగి, జర వెలుగొచ్చినంక ఆరున్నరకు బండి తీయమను తమ్మీ. పది లోపల ఇంట్ల ఉంటరు.